విత్తనం తాకని చేతులు

బిజినేపల్లి దాటి మా ఊరి దారి పట్టగానే నాకు మత్తులాంటిది కమ్ముతుంది. నిద్ర కాదు, మెలకువా కాదు. వెనక సీట్లో పొడి ఐసు పెట్టె ఉంటుంది, దాని వాయువుకు ఊపిరాడదు కాబట్టి కారు కిటికీలు మూయకూడదు. దారి పొడవునా తడి ఎర్రమట్టి వాసన లోపలికి వస్తూనే ఉంటుంది. పొద్దున గద్వాల చేలల్లో, మధ్యాహ్నం వనపర్తి చేలల్లో తెంపిన పల్లి ఆకులు ఆ పెట్టెలో గడ్డకట్టి పడుకున్నాయి. చివరగా మా చేలో కొన్ని తెంపుకుని నగరంలోని ప్రయోగశాలకు తిరిగి పోవాలి. జబ్బుపడిన పల్లిమొక్కల్లో ఆర్‌ఎన్‌ఏను వెతకడం నా ఉద్యోగం.

ఆర్‌ఎన్‌ఏ అంటే ఏమిటని ఊళ్లో ఎవరైనా అడిగితే కబురు అంటాను. కణం లోపల అన్ని పనులూ రాసిపెట్టిన పెద్ద పుస్తకం ఒకటి ఉందనుకుంటే, అందులోంచి ఈ పూటకు కావలసిన మాట మాత్రం మోసుకుపోయే కబురు. పని కాగానే చెదిరిపోతుంది. కొన్ని వైరస్‌లకు ఆ పుస్తకమే ఉండదు. ఒక్క కబురుతోనే చేనంతా తినేస్తాయి.

ప్రయోగశాలలో నా మొదటి రోజు నిన్నమొన్నటిలా ఉంది. గొట్టంలో ఆర్‌ఎన్‌ఏ, చుక్కెడు నీళ్లలాంటిది, రంగూ వాసనా లేనిది. అందుకోబోతే మా గైడు మేడమ్ నా చేయి పట్టుకుని ఆపారు. "ఒట్టి చేత్తో ముట్టుకోకమ్మా, పాడైపోతుంది" అన్నారు. మా నాయనమ్మ ఇక్కడికి కూడా వచ్చేసిందే అనుకున్నాను. నా ముఖం చూసి ఏమనుకున్నారో, "నీ చేయి అనే కాదు, నా చేయైనా అంతే. మనిషి చెమటలో ఉండే ఒక ఎంజైము దాన్ని ముక్కలు చేసేస్తుంది" అన్నారు. అందరి చేయీ ఒకటే అని ఎవరైనా చెప్పగా వినడం నాకదే మొదలు. చాలామంది ఆర్‌ఎన్‌ఏ పని విసుగని వదిలేసి పోయారు. నేను ఆ మాట పట్టుకుని ఉండిపోయాను.

నాయనమ్మ సంగతి చెప్పాలి. నెలసరి వచ్చిన ఆడది విత్తనం తాకకూడదని మా ఇంట్లో కట్టడి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, తొలకరి ముందర అందరితో పాటు కూర్చుని విత్తనానికి పల్లికాయ ఒలిచాను. ఆ పొద్దునే నాకు వచ్చింది. చెప్పడానికి సిగ్గుపడ్డాను. నాయనమ్మకు తెలిసేసరికి గింజలు నేలలో పడిపోయాయి. ఆ ఏడు మొక్కలు జానెడు లేవకముందే గిడసబారి, మొవ్వులు మాడిపోయాయి. "దీని చెయ్యి తగిలింది గింజకు" అని నాయనమ్మ చేను గట్టు మీద నిలబడి అన్నది. చుట్టుపక్కల చేలవాళ్లంతా విన్నారు. నాకు ఇప్పటికీ ఆ గొంతు వినబడుతుంది.

ఆ తరువాత ఏ విత్తుకూ నన్ను చేలోకి దిగనియ్యలేదు. గట్టు మీద నిలబడేదాన్ని. అమ్మ కూడా దిగేది కాదు. సాళ్ల వెంట గింజలు వేయడానికి కూలీని పెట్టి, వచ్చి నా పక్కన నిలబడేది. నాకోసమే నిలబడుతోందని నేను లోలోపల మురిసిపోయేదాన్ని. మొగులు కిందికి దిగి, దూరంగా మడకలు కలలోలాగా కదులుతుంటే, అమ్మ చీర నా చేతికి తగులుతూ ఉండేది. నా బాల్యంలో నాకు మిగిలిన మెత్తని జ్ఞాపకం అదే.

నాయనమ్మా నాన్నా పోయాక చేను అమ్మే చూసుకుంటోంది. పెట్టెతో ఊరు చేరిన ఆ సాయంత్రం నేను చేతికి తొడుగులు వేసుకుని, వంగి, మాడిన మొవ్వులున్న మొక్కల నుంచి ఆకులు తెంపుతున్నాను. అమ్మ గట్టు మీద నుంచి చూస్తోంది.

"చేతులకు అవి ఎందుకేసుకున్నవ్ బిడ్డ?" అంది.

"ఒట్టి చేత్తో ముడితే పాడైతదమ్మ" అన్నాను, తల ఎత్తకుండానే.

తెంపిన ఆకు సంచిలో వేసి తల ఎత్తాను. చూస్తే అమ్మ గట్టు మీద కూలబడి ఏడుస్తోంది.

"ఇంత సదువు సదివినవ్, ఇంకా గదే మనసుల పెట్టుకున్నవా? ఆ యేడు సాళ్లల్ల గింజేసింది నేనే. ఆ దినం నేను గూడ బయటున్న. వాన పడ్డది, కూలీలు దొరకలే, నేల పదును పోతదని ఏసిన. మీ నాయినమ్మకు చెప్పలె. చేను పాడు చేసింది నేను, నిన్నంటుంటె నోరు మూసుకున్న."

గట్టు మీద నాకు తోడు నిలబడిందనుకున్న మనిషి, తన శిక్ష తాను వేసుకుని నిలబడిందన్నమాట. కోపం వచ్చింది. ఆమె మీదా, నాయనమ్మ మీదా, ఇన్నేళ్లూ ఏమీ ఎరగకుండా మురిసిన నా మీదా. తొడుగులు ఊడదీసి పక్కన కూర్చున్నాను. ఆకు చూపించాను. దాని అడుగున కంటికి ఆనని తామర పురుగులు ఉంటాయనీ, అవే వైరస్‌ను మొక్క నుంచి మొక్కకు మోస్తాయనీ చెప్పాను. తొడుగులు దేనికో చెప్పాను. ఎవరి చేయైనా, ఏ రోజైనా ఒకటేనని చెప్పాను.

అమ్మ ముక్కు తుడుచుకుని, "మగోళ్ల చెయ్యి గూడనా?" అంది.

"మగోళ్లది గూడ."

"ఆ యేడు అయింది గూడ గిదేనా? నిజంగ?"

"ఆ ఆకు నా దగ్గర లేదమ్మ. ఉంటే చూసి చెప్పేదాన్ని. కానీ గుర్తులన్నీ ఇవే."

అమ్మ ఆ ఆకును అరచేతిలో పెట్టుకుని చీకటి పడేదాకా చూసింది. ఇక నాకు పనికిరాని ఆకే అది. అడిగి తీసుకోబుద్ధి కాలేదు.

మరుసటి తొలకరికి సెలవు పెట్టి వచ్చాను. ఇప్పుడంతా ట్రాక్టరే విత్తుతుంది. ట్రాక్టరు తిరగని మూల ఒకటి మిగిలిపోతుంది, దాన్ని చేత్తో వేయాలి. సన్నటి తుంపర. చేను ఆవిర్లు కమ్ముకుని కదులుతున్నట్టుంది. అమ్మ గంపలోంచి గింజలు కొంగులో పోసుకుంది. కాసేపు వాటిలో వేళ్లు ఆడిస్తూ ఉండిపోయింది. తరువాత చెప్పులు విడిచి చేలోకి దిగింది. ఒక్కొక్క గింజా వదులుతూ, సాలు వెంట వంగి పోతుంటే నాకు కళ్లు మసకబారాయి.

సాలు చివర అమ్మ ఆగి వెనక్కి తిరిగింది.

"నువ్వేంది, ఆడనే నిలబడ్డవ్?"

కాళ్ల వైపు చూసుకున్నాను. నేనింకా గట్టు మీదే ఉన్నాను.

"దిగు బిడ్డ" అంది అమ్మ, కొంగు నా వైపు చాపి.