పదహారణాల్లో మనసెంత

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మనసులోని బాధను కొలిచే పరిశోధనొకటి మా తిరువూరు చుట్టుపక్కల జరిగింది. పదో తరగతితో చదువు ఆపేసి, సగటులూ శాతాలూ పాత పుస్తకాల్లోంచి సొంతంగా నేర్చుకున్నవాణ్ణి నేను. లెక్క తప్పడని ఎవరో చెబితే, ఆ పరిశోధన చేస్తున్న డాక్టరుగారు నన్ను ఇంటింటికీ తిరిగి జవాబులు రాసుకురమ్మన్నారు.

బాధ లేకపోతే సున్నా, భరించలేనంత ఉంటే పది. పెనుగొలను ఊళ్లో మొదటిరోజు ఎవరూ అంకె చెప్పలేదు.

"బాధకి మార్కులేంటండీ, పరీక్షేమన్నా రాశామా?" అని నవ్వారు.

మర్నాడు నాకో ఉపాయం తోచింది. ఇక్కడి రైతులు పంటను అణాల్లో చెబుతారు; పదహారణాలంటే నిండు పంట. బాధనూ అలాగే, మనసెన్నణాలుందని అడిగాను. తడుముకోకుండా చెప్పారు. నేను పదికి మార్చి రాసుకున్నాను.

పత్తి పోయి, భార్య పుట్టింటికి వెళ్లిపోయి, ఒంటరిగా ఉంటున్న రైతు ఒకాయన "రెండణాలు రాసుకోండి" అన్నాడు. పదికి ఒకటింబావు. ఫరవాలేదనుకుని ముందుకు సాగాను.

నాలుగిళ్ల అవతల, మిరపకాయల తొడిమలు తీస్తున్న పెద్దావిడ "పద్నాలుగణాలు" అంది.

"అంత బాధేంటమ్మా?"

"బాధెవరికయ్యా? మనవరాలు పుట్టింది. మోకాళ్లు సహకరిస్తే పదహారూ చెప్పేదాన్ని. పంట ఎక్కువొస్తే ఏడుస్తామా, లెక్కలోడివి నీకు తెలీదా?"

కలం ఆగిపోయింది. అయితే ఆ రెండణాలు బాధ కాదు, అతనిలో మిగిలింది. బాధ పద్నాలుగణాలు. పదికి ఎనిమిదీ ముప్పావు. ఎండలో వెనక్కి పరుగెత్తాను.

తలుపు దగ్గరగా వేసి ఉంది. పిలిస్తే పలకలేదు. తోసుకుని లోపలికెళ్లాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ల దగ్గర పురుగుమందు డబ్బా, మూత తియ్యలేదు. అలాంటప్పుడు సూటిగా అడగమని డాక్టరుగారు ముందే చెప్పారు. అప్పటిదాకా ఎవరినీ అడిగే ధైర్యం చెయ్యలేదు.

"చచ్చిపోదామనుకుంటున్నారా?"

తలెత్తి నన్ను చూశాడు.

"ఇందాక ఈ మాటడిగితే చెప్పేవాణ్ణిగా, మేస్టారూ. మీరు పంట అడిగినట్టు అడిగారు."

డబ్బా తీసుకుంటే అడ్డు చెప్పలేదు. దాన్ని పెద్దావిడకు అప్పజెప్పి, అతన్ని షేర్ ఆటోలో తిరువూరు తీసుకొచ్చాను. దారంతా అతని చెయ్యి వదల్లేదు.

డాక్టరుగారు అతన్ని లోపల కూర్చోబెట్టి తలుపేసుకున్నారు. బయట నేను కాగితాలు ముందేసుకున్నాను. పదహారులోంచి తీసేస్తే అంకెలన్నీ సరిపోతాయని మొదలుపెట్టి, రెండో కాగితం దగ్గరే ఆపేశాను. నేననుకున్నట్టే బాధనే చెప్పినవాళ్లూ ఉండొచ్చు. ఎవరు ఎటునుంచి లెక్కపెట్టారో కాగితం చెప్పదు.

మర్నాడు పొద్దున్నే పెనుగొలనులో మొదటి ఇంటి తలుపు మళ్లీ తట్టాను.