పిండర్ ఆవు బందెలో పడ్డ రోజు

హోమ్‌థోర్ప్ ఊరికి ఈనాక్ స్కార్త్ పిండర్. అంటే, పరాయి చేలో పడ్డ పశువుల్ని తోలుకొచ్చి బందెలదొడ్డిలో పెట్టి తాళం వేసేవాడు. 'మూసిపెట్టు' అనడానికి ఆ యార్క్‌షైర్ పల్లెల్లో ముత్తాతల ముత్తాతలు వాడిన మాటలోంచి పుట్టిందా పేరు. అసలు మాట ఎప్పుడో జనం నోట పోయింది, ఉద్యోగం పేరుగా మాత్రం బతికిపోయింది. తాత ఈ పని చేశాడని దాన్ని ఇంటిపేరుగా పెట్టుకుని, పట్నంలో టోపీలమ్ముకునే పిండర్లు కూడా ఉన్నారు. "పేరుంటే చాలా? తాళంచెవుండాలి గానీ," అని ఈనాక్ మీసం దువ్వేవాడు.

మనిషి మంచివాడే, మొండితనమే వేపకాయంత ఎక్కువ. బందెలో పడ్డ గాడిదకు తన పెరట్లో క్యారెట్లు పీకి పెడతాడు. గాడిదగల ఆసామితో మాత్రం నవ్వుతూ మాట్లాడడు. బందె పెట్టినప్పుడల్లా గాట్లు పెట్టిన కర్రను నిలువునా చీల్చి, ఒక బద్ద పంట పోయిన రైతుకు ఇస్తాడు. పశువుగలవాడు ఆ రైతును బతిమాలుకుని బద్ద తెచ్చుకోవాలి. అది తన బద్దతో అతికితేనే తాళం తీస్తాడు.

ఒకసారి మోతుబరి జాబెజ్, కూతురి పెళ్లిరోజున, పెళ్లికోటుతోనే బద్ద పట్టుకుని, బందెలో పడ్డ తన గొర్రెల కోసం వచ్చాడు. ఈనాక్ తన తిండి ముగిసేదాకా ఆయన్ను గుమ్మంలోనే నిలబెట్టాడు. అప్పట్నుంచీ ఇద్దరూ ఉప్పూ నిప్పూ. ఏటా వసంతంలో ఊరి సభ పిండర్‌ని ఎన్నుకుంటుంది. ఈసారి ఈనాక్‌ని దింపించి తీరతానని జాబెజ్ ఇల్లిల్లూ తిరిగాడు. ఆ పని పోతే తనకు బతుకే లేదని ఈనాక్ దిగులు.

సరిగ్గా సభ రోజు పొద్దున్నే ఈనాక్ ఆవు చెర్రీ, జాబెజ్ గోధుమచేలో దర్జాగా మేస్తూ కనబడింది.

"ఎవరూ చూళ్లేదురా, ఇంటికి తోలెయ్," అంది అక్క టామర్.

"చెర్రీ చూసింది కదక్కా," అని ఈనాక్ దాన్ని బందెలదొడ్డికి తోలాడు. బద్ద అక్కచేత జాబెజ్‌కి పంపాడు.

బందె విడిపించందే పాలు పితకనని ఈనాక్ పట్టు. మధ్యాహ్నానికి పొదుగు బిగిసి ఆవు అరవసాగింది. టామర్ గోడ బయటనుంచి, దొడ్డిలో ఉన్న తమ్ముణ్ణి ఆటపట్టిస్తూ కేకేసింది. "పిండర్‌గారూ, ఆవుగలాయన వచ్చాడండీ! కాస్త తలుపు తీద్దురూ!"

"బద్ద తెమ్మనండి," అన్నాడు ఈనాక్. చూడవచ్చిన జనం పడీపడీ నవ్వారు. ఆవు అరుపు మాత్రం ఆగలేదు. చివరికి ఈనాక్ టోపీ తీసి పట్టుకుని జాబెజ్ ఇంటికి నడిచాడు.

జాబెజ్ భోజనం చేస్తున్నాడు. తలెత్తలేదు. సూప్ అయింది, మాంసం అయింది, జున్ను అయింది.

"ఎట్లా ఉందోయ్, గుమ్మం?" అన్నాడు అప్పుడు.

"తనదాకా వస్తేగానీ తెలీదు బాబూ. పెళ్లిపూట నిన్నట్లా నిలబెట్టడం నా తప్పే. ఏమనుకోకు."

జాబెజ్ లేచి, బద్ద తెచ్చి చేతిలో పెట్టాడు.

సాయంత్రం సత్రంలో సభ. "ఈనాక్ మీద ఎవరికైనా అభ్యంతరముందా?" అని సభ పెద్ద అడిగాడు. జాబెజ్ లేచాడు.

"ఉంది. ఇకమీదట ఈయన ఆవు నా చేలో పడితే, గుమ్మంలో నిలబడ్డానికి వీల్లేదు. లోపలికొచ్చి నాతోపాటు భోంచెయ్యాల. అంతే."

మళ్లీ పిండర్‌గా ప్రమాణం చెయ్యమంటే ఈనాక్ ఏడుపులో మాటలన్నీ మరిచిపోయాడు. జాబెజ్ పక్కన నిలబడి ఒక్కొక్క మాటే అందించాడు.