ఆదోని దూది మిల్లులో తత్వాల పోటీ: కడియం కోసం మూడోసారి

ఆదోనిలో ఒకప్పుడు ఏటా ఉగాది వెళ్ళిన మొదటి ఆదివారం తత్వాల పోటీ జరిగేది. మా పడమటి తాలూకాల్లో అందులో గెలిచినవాడే పాటగాడు. మిగిలినవాళ్ళు ఊరికే నోరున్నవాళ్ళు. మొదటి బహుమతి వెండి కడియం. గెలిచినవాడు దాన్ని ఏడాది పొడుగునా కుడిచేతికి వేసుకుని తిరుగుతాడు, మరుసటి ఏడు తెచ్చి పళ్ళెంలో పెడతాడు. రెండో బహుమతి ఇత్తడి చెంబు. ఆ పోటీకి ఒక ఆచారం ఉండేది. గెలిచినవాడి చేతికి కడియం తొడిగేది పెద్దమనుషులు కాదు, రెండో స్థానంలో వచ్చినవాడు. ఓడినవాడు తన చేత్తో తొడిగితేనే అది గెలుపు. నేను వరుసగా రెండేళ్ళు తొడిగాను. రెండేళ్ళూ ఒకే చేతికి, ఆదోని హుస్సేనప్ప చేతికి. మూడో ఏడు ఆ కడియం నేనే తెచ్చుకోవాలని బయలుదేరాను. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడో, ఆ పై ఏడో, సరిగా గుర్తు లేదు. నేను మూడో తరగతితో బడి మానినవాడిని. అక్షరం తప్పుంటే దిద్దుకుని చదవండి. జరిగింది మాత్రం ఇదే.

మాది యెమ్మిగనూరు, మగ్గం పని. మా జట్టులో ఆరుగురం, ఆరుగురూ నేతగాళ్ళే. నేను పాడుతూ తాళం వేస్తాను. డోలక్ మా బామ్మర్ది ఈరన్నది. మిగతా నలుగురు వెనక నుంచి అందుకుంటారు. పొద్దున ఆరున్నరకు ఆదోని బస్సు. టికెట్టు రూపాయి చిల్లర ఉండేది. బయలుదేరేటప్పుడు నా భార్య గడపలో నిలబడి, "రెండు సెంబులు ఉండాయి ఇంట్లో. మూడోది తెస్తే దాంట్లోనే వండుకొని తిను" అని చెప్పి పంపింది. డోలక్‌ను బస్సు మీద వేయమని కండక్టరు అన్నాడు. వేయనన్నాను. ఎండకు తోలు బిగుసుకుపోతే శ్రుతి పోతుంది. ఈరన్న దాన్ని చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దారి పొడవునా పత్తి ఏరేసిన చేలు, ఎండిన మోళ్ళు. గంట దాటాక ఆదోని రాతికొండలు కనపడతాయి. అవి కనపడగానే సంచిలోంచి తాళాలు తీసి తుడుచుకున్నాను. గెలవాలన్న కసి.

బస్టాండు పక్కన ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాం. పోటీకి పోయేవాళ్ళు బజ్జి తినకూడదని అంటారు, గొంతు పట్టేస్తుందని. నేను నాలుగు తిన్నాను. అక్కడి నుంచి దూది మిల్లుకు జట్కా కట్టించుకున్నాం. పోటీ జరిగేది ఆ మిల్లు షెడ్డులోనే. పత్తి కాలం అయిపోయి షెడ్డు ఖాళీగా ఉంటుంది, నీడ ఉంటుంది, వెయ్యిమంది పడతారు. జట్కా సాయిబు మా చేతిలో డోలక్ చూసి నవ్వాడు.

"యెమ్మిగనూరు జట్టా భాయ్? ఈ ఏడు మీకు పండగే. హుస్సేనప్ప పాడేది లేదంట."

"ఎందుకని?" అన్నాను.

"వాయించేటోళ్ళు ల్యారు. కోసిగి అన్నదమ్ములు గదా ఆయనకు డోలూ తాళమూ? సుగ్గికి పోయినారు, కూలి పనికి. ఉగాదికి వస్తామన్నారంట, రాల్యా."

ఈరన్న నా తొడ మీద గట్టిగా చరిచాడు. "బావా, కడియం మనదే!" అన్నాడు. వెనక నలుగురూ ఈల వేశారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. రెండేళ్ళుగా ఆ మనిషిని ఓడించాలని మగ్గం గుంటలో కూర్చుని గొంతు చించుకున్నాను. ఆయన పాడకపోతే నేను గెలిచేది ఎవరి మీద?

మిల్లు గేటు దగ్గర హుస్సేనప్ప కనపడ్డాడు. ఆయన దూదేకుల మనిషి. విల్లుతో దూది ఏకి పరుపులు కుట్టడం పని. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. గేటు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కడియం అప్పటికే తీసి రుమాలులో చుట్టి పెట్టుకున్నాడు. నన్ను చూసి లేచి రుమాలు ముందుకు చాచాడు.

"నాగన్నా, ఈసారి నీదే. తీసుకోప్పా. నేను పళ్ళెంలో పెట్టేదేమి, నువ్వు ఎత్తుకునేదేమి."

"నన్ను భిక్షగాన్ని అనుకుంటివా?" అన్నాను.

"అట్ల కాదు నాగన్నా. డోలు ల్యాకుండా పాడనియ్యరు గదా."

"డోలు నాది ఉంది. తాళం నేనే యేస్తా. నువ్వు పాడు. పాడినాక ఓడగొడతా నిన్ను. అప్పుడు ఇయ్యి కడియం."

ఈరన్న నన్ను పక్కకు లాగాడు. "బావా, నీకు తలకాయ ఉందా? చేతికొచ్చిందాన్ని ఎవురన్నా ఇసిరేస్తారా? నేను వాయించను."

"వాయించకపోతే డోలు ఈడ పెట్టి బస్సెక్కు. మీ అక్కతో నేను సెప్పుకుంటా." వాడు గొణుక్కుంటూనే డోలు తాళ్ళు బిగించుకోవడం మొదలుపెట్టాడు.

న్యాయనిర్ణేతగా బళ్ళారి నుంచి హార్మోనియం మాస్టారు ఒకాయన వచ్చాడు. తెల్ల టోపీ, నల్ల కోటు. విషయం చెప్తే కాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "తాళం ఎవరిదైనా కావచ్చు. గొంతు మాత్రం ఆయనదే కావాలి" అన్నాడు. పది గంటలకు పోటీ మొదలైంది. తొమ్మిది జట్లు. ఒక్కో జట్టుకు రెండు తత్వాలు. గోనెగండ్ల జట్టు బాగా పాడింది కానీ మధ్యలో శ్రుతి దిగిపోయింది. మాది నాలుగో వంతు. నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ ఆరోజు మేం పాడినట్టు మళ్ళీ ఎప్పుడూ పాడలేదు. షెడ్డు దూలాలకు పట్టిన దూది నూగు కూడా కదిలిందని ఎవరో అన్నారు. మాస్టారు కళ్ళు మూసుకుని తల ఊపడం నేను చూశాను. ఇక కడియం నాదే అనుకున్నాను.

హుస్సేనప్పది ఆఖరి వంతు. ఆయన ముందు కూర్చున్నాడు. పక్కన నేను తాళాలతో, ఈరన్న డోలుతో. మొదటి తత్వం ఎత్తుకున్నాడు. పల్లవి అయింది, చరణంలోకి పోబోయాడు, తడబడ్డాడు. మాట సగంలో తెగింది. మళ్ళీ అందుకున్నాడు. రెండో చరణం ముందు మళ్ళీ అదే. జనంలో గుసగుస మొదలైంది. ముందు వరసలో ఒకడు లేచి అరిచాడు.

"యెమ్మిగనూరోడు కావాలనే ముంచుతాండాడప్పా! తాళం ఆపుతాండాడు సూడండి!"

ఇంకో ఇద్దరు అందుకున్నారు. నాకు చెవులు వేడెక్కాయి. నా జన్మలో తాళం తప్పినవాడిని కాను. లేచి వాడి మీదికి పోయేవాడినే, హుస్సేనప్ప నా మోకాలి మీద చేయి వేసి కూర్చోబెట్టాడు. మొదటి తత్వం ఎట్లాగో ముగించాడు. రెండోది ఎత్తుకునే ముందు నా వైపు వంగి చెవిలో అన్నాడు.

"నాగన్నా, ఆ ఆగేది అట్లే పెట్టు. తీయాకు."

"ఏ ఆగేది? నేను యాడ ఆపినా?"

"పల్లవి కాగానే ఆపుతాండావు గదప్పా. ఒక ఊపిరంత."

"నేను ఆపల్యా."

"ఆపుతాండావు. నీకు తెలీదు. మంచిదే. అట్లే ఆపు."

అప్పుడు నా చేతులను నేనే గమనించుకున్నాను. నిజమే. పల్లవి ముగియగానే తాళాలు రెండూ దూరంగా జరిగి గాలిలో నిలబడుతున్నాయి. నా తాళం చూసి ఈరన్న డోలు కూడా నిలుస్తోంది. ఎందుకో తట్టడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. మేం పాట నేర్చింది మగ్గం గుంటలో. నేస్తూ పాడతాం. పల్లవి తిరిగి వచ్చినచోట చేయి ఆపి, నేసినంత బట్టను చుట్టుకుని, మళ్ళీ మొదలుపెడతాం. మా నాయన అట్లే పాడాడు, నేనూ అంతే. ఆరుగురం నేతగాళ్ళమే కాబట్టి ఆరుగురం ఒక్కచోటే ఆగేవాళ్ళం. అది ఆగడమని మాకు ఎవరూ చెప్పలేదు. దూది ఏకేవాడికి ఆ అలవాటు ఉండదు. ఆయన విల్లు పొద్దున మొదలైతే అన్నం వేళ దాకా ఆగదు, పాటా ఆగదు.

రెండో తత్వంలో హుస్సేనప్ప ఆ ఆగేచోటు కోసం కాచుకున్నాడు. పల్లవి కాగానే నా తాళం ఆగింది. ఆయన నోరు తెరిచి గాలి పీల్చాడు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు ఆ పీల్చడం వినపడింది. తోలుతిత్తిలో గాలి పోయినట్టు, లోపల ఏదో గీరుకుంటున్నట్టు. ఆ తర్వాత చరణం ఎత్తుకున్నాడు. ఏం చెప్పాలి? నేను ఆయన పాట రెండేళ్ళు విన్నాను. అంత నింపాదిగా, అంత పైకి పోవడం వినలేదు. ప్రతి ఆపు తర్వాత గొంతు ఇంకో మెట్టు ఎక్కింది. ఇందాక అరిచినవాడు నిలబడే ఉన్నాడు, కూర్చోవడం మరిచిపోయి. ఒక్క పని నాకు చేతనయ్యేది. ఆ ఆపు తీసేయగలిగేవాడిని, తెలిసింది కాబట్టి. తీయలేదు. తీయాలని ఒక్క క్షణం అనిపించిందని కూడా రాస్తున్నాను, దాచుకోవడం దేనికి.

మూడు గంటలకు ఫలితం చెప్పారు. మాస్టారు లేచి, "మొదటి తత్వంలో తప్పు జరిగింది, కాదనను. రెండోది విన్నాక మొదటిదాన్ని పట్టుకుని వేలాడేవాడు సంగీతం తెలిసినవాడు కాదు" అన్నాడు. మొదటి బహుమతి ఆదోని హుస్సేనప్ప, రెండోది యెమ్మిగనూరు జట్టు. ఈరన్న డోలు కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. నా చేతికి చెంబు ఇచ్చారు. పళ్ళెంలో కడియం నా ముందుకు తెచ్చారు.

కడియం పట్టుకుని ఆయన చేయి అందుకున్నాను. మణికట్టు నా రెండు వేళ్ళ మధ్య ఇమిడింది. తొడిగితే కడియం నిలవలేదు, మోచేతి దాకా జారిపోయింది. జనం చప్పట్లు కొడుతున్నారు. ఆయన చేయి దించకుండా నవ్వుతూ నిలబడ్డాడు, అది కింద పడకుండా.

"ఇదేమిది హుస్సేనప్పా?" అన్నాను, మెల్లగా.

"దూది నాగన్నా. లోపల సేరింది. రెండేండ్లాయ. ఊపిరి చాలడం ల్యా."

"పొద్దున్నే సెప్పింటే ఏం పోయింది?"

"సెప్పింటే నువ్వు నాతో పోటీ పడతాంటివా? జాలి పడతాంటివి."

కడియం మణికట్టు దగ్గరికి దించి, రెండు అరచేతుల మధ్య పెట్టి, దాని కొసలు కలిసేదాకా నొక్కాను. వెండి మెత్తగా వంగింది. అప్పుడు నిలిచింది.

సాయంత్రం ఐదున్నర బస్సుకు తిరిగి వచ్చాం. ఈరన్న నాతో మాట్లాడలేదు, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కొండలు వెనకబడ్డాక వాడే అడిగాడు.

"బావా, మనం నిజంగా ఆపుతామా?"

"పాడి సూడు."

సీటు కమ్మీ మీద వేళ్ళతో దరువు వేస్తూ వాడు ఎత్తుకున్నాడు. మేం అందుకున్నాం. పల్లవి కాగానే ఆరుగురం టక్కున ఆగాం. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. బస్సులో అందరూ మా వైపు తిరిగారు. కండక్టరు టికెట్ల సంచి సర్దుకుంటూ, "ఏమప్పా, మింగినారా ఏమన్నా? పాడండి, బాగుండాది" అన్నాడు. ఈరన్నకు నవ్వు ఆగలేదు. వాడు నవ్వుతుంటే మాకూ ఆగలేదు.

ఆ తర్వాత హుస్సేనప్ప ఇంకో ఏడు పాడాడు, మా తాళంతోనే. ఆ పై ఏడు రాలేదు. ఆయన లేని పోటీకి నేనూ పోలేదు. పొమ్మని జట్టంతా పోరింది, ఖాయంగా గెలుస్తామని. గెలిస్తే తొడిగేది ఎవరు? ఎవరో ఒకరు తొడుగుతారు, నిజమే. కడియం నా చేతికి ఎప్పుడూ రాలేదు. రాలేదని బాధ లేదంటే అబద్ధం. ఇప్పటికీ ఎవరి చేతికైనా వెండి కడియం కనపడితే ఒకసారి చూస్తాను. కానీ ఆ ఆదివారం ఓడిపోయినందుకు నాకు దక్కినంత, గెలిచి ఉంటే దక్కేది కాదు. నలభై ఏళ్ళు ఆలోచించి చెబుతున్న మాట ఇది, ఓదార్పుకు కాదు.

ఆ దారుల్లో ఇప్పటికీ భజన పోటీలకు పోయే జట్లు ఉన్నాయి. వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. పొద్దున మొదటి బస్సుకే పొండి, పోటీకి రెండు గంటల ముందే చేరుకోండి. ఆ తీరిక సమయంలో పక్క ఊరి జట్టును పిలిచి వాళ్ళ పాటకు మీరు ఒకసారి తాళం వేయండి. మీ చేయి ఎక్కడ ఆగుతుందో మీ ఊరివాళ్ళు ఎవరూ చెప్పలేరు.