ముల్లు లేవలేదు

పక్కింటి బాబాయ్‌గారు పోయారని మొన్న పొద్దున్నే పిన్నిగారు ఫోన్ చేశారు. "రాత్రి కూడా గ్యాసు కట్టేశావా అని రెండుసార్లు అడిగారమ్మా" అంటూ ఏడ్చారు. నాకూ ఏడుపు ఆగలేదు.

పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. దేన్నీ ఊరికే నమ్మరు. తాళం వేసి, లాగి చూసి, వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ లాగేవారు. "కాఫీలో పంచదార వేశానన్నా కలిపి చూస్తారమ్మా ఈయన" అని పిన్నిగారు ఆటపట్టిస్తే, "ఉందనుకోవడం వేరు, ఉండటం వేరు" అనేవారు.

మా పాపకి మూడేళ్లున్న ఏడు, వాయుగుండం తీరానికి దగ్గరపడిందని పొద్దున్నుంచీ రేడియోలో ఒకటే హెచ్చరికలు. పాపకి ఉబ్బసం. ఆయాసం వస్తే మందు ఆవిరిలా పట్టే మిషనే దిక్కు, కరెంటు పోతే ఆ మిషనుకి ఇన్వర్టరే దిక్కు. అప్పటికే పిల్ల డొక్కలు ఎగరేస్తోంది. అలాంటప్పుడు బాబాయ్‌గారు బ్యాటరీ ఓల్టేజి చూసే ముల్లు మీటరు పట్టుకొచ్చారు.

"బ్యాటరీకి చార్జింగ్ ఎక్కుతోందా అమ్మా?"

"పచ్చలైటు వెలుగుతోందిగా బాబాయ్‌గారూ."

"లైటుదేముందమ్మా, దాని పాటికది వెలుగుతుంది" అంటూ ఇన్వర్టరు ప్లగ్గు పీకి, బ్యాటరీకి మీటరు పెట్టారు. ముల్లు ఎక్కడుందో చూసుకుని మళ్ళీ ప్లగ్గు పెట్టమన్నారు. చార్జరు పనిచేస్తుంటే ముల్లు పైకి లేవాలట. లేవలేదు.

నాకు ఒళ్ళు మండింది. భయం కోపంగా మారడానికి ఎంతసేపు! "గాలివాన నెత్తిమీదుంటే ఇదేం పరీక్షండీ? మీ మీటరే పాడైందేమో!" అనేశాను.

"అదే పాడైతే అంతకన్నా కావాల్సిందేముంది తల్లీ" అని, వీధిలో ఆగి ఉన్న ట్రాక్టరు బ్యాటరీకి పెట్టి, ఇంజను స్టార్ట్ చేయించారు. ముల్లు చటుక్కున లేచింది. మీటరు బాగానే ఉంది, పాడైంది మా చార్జరే.

మా ఆయనా, బాబాయ్‌గారూ ఆ ట్రాక్టరు మీదే పాలకొల్లు వెళ్ళి, నిండా చార్జింగున్న బ్యాటరీ అద్దెకి తెచ్చారు. వాళ్ళు గుమ్మం ఎక్కేసరికి కొబ్బరిచెట్లు వంగిపోతున్నాయి. బ్యాటరీ తగిలించిన కాసేపటికే కరెంటు పోయింది. పాప మిషను మాత్రం ఆగలేదు. చాదస్తమని వీధి వీధంతా నవ్విన అనుమానం చలవే అది.

పిల్ల నెమ్మదించి నిద్రపోయింది. బాబాయ్‌గారు తడిబట్టలతోనే మంచం పక్కన కూర్చుండిపోయారు.

"ఇంకా ఏంటండీ చూస్తున్నారు? బ్యాటరీ బాగానే ఉందిగా" అన్నాను.

"దాన్ని చూడట్లేదమ్మా" అన్నారు. ఆయన చెయ్యి పాప గుండెల మీద ఉంది. లేస్తోంది, దిగుతోంది, మళ్ళీ లేస్తోంది.