కీబోర్డు పీకేశాక సాగిన సిలువ పాట

దయ్యాల్ని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మే వృత్తి కూడా కాదు నాది. ఏ.ఎస్. రావు నగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు నడిపేవాణ్ణి. "దీనికేదో పట్టింది సార్, దానంతటదే ఆగిపోతోంది" అంటూ తెచ్చేవాళ్లు తరచూ వచ్చేవాళ్లు. విప్పి చూస్తే ఫ్యాన్ నిండా దుమ్ము ఉండేది, లేదంటే బల్లి చచ్చిపడి ఉండేది. దయ్యం మాత్రం ఏ డబ్బాలోనూ దొరకలేదు.

విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లు అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న రోజులవి. అంతకుముందు డాస్ కాలంలో రాసిన ప్రోగ్రాంలు వాటిలో సరిగా నడిచేవి కావు. కొన్ని అసలు తెరుచుకోవు, కొన్నిటికి ప్రింటరు కనబడదు, కొన్ని మూగబోతాయి. జనం మాత్రం చేతికి అలవాటైన ప్రోగ్రాంను వదలరు. పాతదాన్ని కొత్తదానిలో నడిపించడంలో నాకు చుట్టుపక్కల కాస్త పేరుండేది. ఆ పేరు నా నెత్తికెక్కిందని మా ఆవిడ సుజాత అనేది.

మా అత్తయ్య, అంటే సుజాత వాళ్లమ్మ, బోయిగూడలో వాళ్ల చర్చిలో ఆర్గన్ వాయించేది. అది బాగుచేయలేనంతగా పాడయ్యాక, ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్ ముందు కూర్చుని పాటల స్వరాలన్నీ ఒక్కొక్కటిగా అందులోకి ఎక్కించింది. స్పీకర్లు తగిలిస్తే కంప్యూటరే వాయించేది.

వాళ్ల చర్చిలో ఒక పద్ధతి ఉంది. చదువురాని ముసలివాళ్ల కోసం, ప్రతి చరణం పాడేముందు సంఘపెద్ద దాన్ని గట్టిగా చదివి వినిపిస్తాడు. అందుకని చరణం అవగానే ప్రోగ్రాం ఆగిపోతుంది. పెద్దాయన చదవడం అయ్యాక అత్తయ్య కీబోర్డు మీద మీట నొక్కితేనే తర్వాతి చరణం అందుకుంటుంది. ఆయనది ఆయాసపు ఒళ్లు. ఎంత ఆలస్యమైనా ఆమె ఆయన ముఖం వైపే చూస్తూ ఓపిగ్గా ఆగేది.

అత్తయ్య పోయిన కొన్నాళ్లకు ఆ కంప్యూటరూ పోయింది. గుడ్ ఫ్రైడే దగ్గరికొచ్చింది. బయటినుంచి వాయించేవాళ్లను పిలుద్దామని కమిటీ అనుకుంది. మామయ్య మనసులో మాట బయటపెట్టే మనిషి కాదు. అలాంటాయన కమిటీ ముందు నిలబడి, ఈ ఒక్క శుక్రవారం ఆమె ఎక్కించిన పాటే వినిపించమని అడిగాడు. వాళ్లు ఎటూ చెప్పలేక నీళ్లు నములుతుంటే నేను మధ్యలో దూరి, నాకు వదిలేయండి, చిటికెలో పని అన్నాను.

హార్డ్ డిస్క్ బతికే ఉంది. దాన్ని షాపులో ఉన్న ఒక పాత కంప్యూటర్‌కు తగిలించి చూశాను. చక్కగా వాయించింది. అల్వాల్‌లో ఉండే ఒక కుటుంబం చర్చికి కొత్త కంప్యూటర్ కానుకగా ఇచ్చింది. అది సరిగ్గా శుక్రవారం పొద్దున వచ్చింది. ప్రోగ్రాంను అందులోకి ఎక్కించాను.

అక్కడ వాయించి చూడలేదు. గురువారం రాత్రి ప్రార్థన అయ్యాక, మర్నాడు ఆరాధన మొదలయ్యేదాకా ఆ చర్చిలో ఏ వాయిద్యమూ మోగకూడదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినుండొచ్చు, వినలేదు. షాపులో మోగింది కదా అని ధీమా.

మధ్యాహ్నం ఆరాధన మొదలైంది. సిలువ మీద యేసు పలికిన మొదటి మాట గురించి పాస్టరు అయ్యగారు ప్రసంగం ముగించి పాటకు సైగ చేశారు. నేను మీట నొక్కాను.

పాట పరుగందుకుంది. అలా ఇలా కాదు, పెళ్లి బరాత్‌లో బ్యాండువాళ్లు కూడా అంత జోరుగా వాయించరు. పాత ప్రోగ్రాంలు కొన్ని గడియారం చూసుకోవు, యంత్రం ఎంత వేగంగా పనిచేస్తే అంత వేగంగా ఉరుకుతాయి. మా పనిలో ఇది ఓనమాలు. తెల్లబట్టల్లో సంఘమంతా నోళ్లు తెరిచి నిలబడిపోయింది. పిల్లలు కిసుక్కుమన్నారు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు వరసలో మామయ్య తల దించుకున్నాడు. ఆయన మెడ వెనక భాగం ఎర్రబడటం నాకు కనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను.

చర్చి సెక్రటరీ డేవిడ్ అన్న గబగబా వచ్చి నా చెవిలో అన్నాడు. "ఏందన్నా, గిట్ల ఉరుకుతున్నది? బంద్ చెయ్. నోటితోనే పాడుకుంటం."

నేను బల్ల కిందికి వంగి స్పీకర్ల వైరు పీకాను. లేచి చూసుకుంటే నా చేతిలో ఉన్నది కీబోర్డు వైరు. ఈలోగా చరణం అయిపోయి ప్రోగ్రాం దానంతటదే ఆగింది. మీట నొక్కితే తప్ప కదలదు. నొక్కడానికి ఇక కీబోర్డే లేదు. గండం గడిచిందనుకున్నాను.

పెద్దాయన అలవాటు కొద్దీ లేచి రెండో చరణం చదవడం మొదలుపెట్టాడు. సగంలో దగ్గు వచ్చింది. ఎవరో నీళ్లిచ్చారు. తాగాడు, మూతి తుడుచుకున్నాడు, పుస్తకంలో ఎక్కడున్నాడో వెతుక్కున్నాడు, చివరి ముక్క చదివాడు.

పాట మొదలైంది. నెమ్మదిగా, అత్తయ్య వాయించేటంత నెమ్మదిగా.

కీబోర్డు వైరు కొస ఇంకా నా చేతిలోనే ఉంది. సంఘం పాడింది. చరణం అయ్యాక పాట ఆగింది. పెద్దాయన మూడోది తడబడకుండా చదివేశాడు. ఆయన నోరు మూయగానే పాట అందుకుంది. నాలుగోదానికి ఆయన రెండు పేజీలు ఒకేసారి తిప్పేసి, మళ్లీ వెనక్కి వచ్చాడు. పాట ఆయన కోసం ఆగింది. పాట పూర్తవగానే కంప్యూటర్‌కు కరెంటు తీసేశాను. మిగతా పాటలు నోటితోనే పాడారు.

బయట డేవిడ్ అన్న నా భుజం తట్టాడు. "షురూల జెర పరేషాన్ చేసినవ్ గానీ, తర్వాత మస్తు సెట్ చేసినవన్నా." నేనేమీ చేయలేదని చెప్పాను. వైరు సంగతి కూడా చెప్పాను. వినయం అనుకుని నవ్వాడు. అందరూ వచ్చి చేయి కలుపుతుంటే, నాది కాని పెళ్లిలో దండ వేయించుకున్నట్టు తలవంపుగా ఉంది.

తర్వాత బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ప్రాసెసర్ వేడెక్కి నెమ్మదించిందా అంటే, ఫ్యాన్ బాగానే ఉంది. కంగారులో నేను ముందే నొక్కిన మీటలు లోపల నిలవ ఉన్నాయా అంటే, చరణాలన్నీ ఆగకుండా వరసపెట్టి రావాలి. అదే కంప్యూటర్లో మళ్లీ పెట్టి చూశాను. పెట్టిన ప్రతిసారీ పరుగే.

చివరికి వేగం తగ్గించే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. పాట సరిగ్గా వచ్చింది. మామయ్య ఇంటికి తెచ్చి వినిపించమన్నాడు. తీసుకెళ్లి బిగించాను. సుజాత తలుపు దగ్గర నిలబడింది. మొదటి చరణం అయ్యాక పాట ఆగింది.

మామయ్య కళ్లజోడు పెట్టుకుని, పాటల పుస్తకం తీసి, రెండో చరణం తనే చదివాడు. చదవడం అయ్యాక కంప్యూటర్ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన దేనికోసం చూస్తున్నాడో నాకు అర్థమైంది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా ఉన్నాను. ఏ దేవుణ్ణీ అడగనంతగా అడిగాను, ఒక్కసారి, ఈయన కోసం అని. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

చాలాసేపటికి ఆయన కళ్లజోడు తీశాడు.

"మీ అత్తయ్య ఇంట్లో ఎందుకు వాయిస్తుంది బాబూ. బతికుండగా నేనెప్పుడూ వాయించమని అడగలేదుగా."

అన్నాక నా ముఖం చూడలేక పుస్తకం మూసి, దాని అట్ట మీద లేని దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు. అంత పెద్దమనిషి నా ఎదుట అలా సిగ్గుపడటం నేను చూడకుండా ఉండాల్సింది.

ఆ శుక్రవారం చర్చిలో మీట ఎవరు నొక్కారో నాకు ఇప్పటికీ తెలియదు. మామయ్య ఇంట్లో మాత్రం నేనే నొక్కాను. పాట చక్కగా, తప్పు లేకుండా సాగింది. అది అయ్యేదాకా ఆయన తల ఎత్తలేదు.