ఇవి మందులు కావన్నాను

2022 జూలై. తణుకులో మా మందుల షాపుకి అప్పటికి పదహారేళ్లు నిండాయి. నేను ఫార్మసిస్టుని. పొద్దున్న తొమ్మిదింటికి కౌంటరు దగ్గర నిలబడితే బీపీ మాత్రలకనీ, షుగరు మాత్రలకనీ, వర్షాకాలం జ్వరాలకనీ జనం వస్తూనే ఉంటారు. డాక్టరు రాసిన చీటీ చూసి మందు తీసివ్వడమే మా పని అని చాలామంది అనుకుంటారు. ఆ ఏడాది దాకా నేనూ దాదాపు అలాగే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం మురళి మాస్టారు వచ్చారు. ఊళ్లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. ముప్పై నాలుగేళ్లుంటాయేమో. మా అమ్మాయి శ్రావ్య ఆయన దగ్గరే ఇంటర్ రెండో ఏడాది చదువుతోంది. ఆయన చెప్పిన పాఠం అన్నం ముందు కూర్చుని కూడా నాకు అప్పజెప్పేది. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో కనిపించే మనిషి గడ్డం మాసిపోయి, చొక్కా నలిగిపోయి వస్తే ఒక్క క్షణం గుర్తుపట్టలేదు.

ఫోనులో ఒక పేరు చూపించారు. ఎల్-టైరోసిన్.

"ఇది దొరుకుతుందా అండి?"

"తెప్పించాలి మాస్టారూ, రెండు రోజులు పడుతుంది. జిమ్ముకి వెళ్తున్నారా?"

"ఆ, అలాంటిదేనండి."

టైరోసిన్ ఒక అమైనో ఆసిడ్. మనం తినే పప్పులో, గుడ్డులో, పాలలో ఉండేదే. ఒంట్లో మాంసకృత్తులకి అదొక ముక్క. మెదడులో డోపమిన్ అనే పదార్థం తయారయ్యేది కూడా దాంతోనే. మనిషికి ఒక పని చేయాలన్న ఉత్సాహం పుట్టడంలో డోపమిన్‌ది పెద్ద పాత్ర. టైరోసిన్‌ని సీసాల్లో ఫుడ్ సప్లిమెంట్‌గా అమ్ముతారు. చీటీ అక్కర్లేదు, ఎవరు అడిగినా ఇవ్వచ్చు.

రెండు రోజుల తర్వాత సీసా తీసుకోవడానికి వచ్చినప్పుడు, మిగతావాళ్లంతా వెళ్లేదాకా ఆయన పక్కన నిలబడ్డారు.

"మీరు ఈ చదువు చదివినవారు కాబట్టి చెప్తున్నానండి. ఎవరితోనూ అనకండి."

తెల్లవారుజామున స్టడీ అవర్స్‌తో మొదలై రాత్రి దాకా క్లాసులట. నిలబడలేకపోతుంటే తోటి లెక్చరర్ ఒకాయన ఏవో మాత్రలు ఇచ్చారట. చదువు మీద ధ్యాస నిలవని జబ్బు ఉన్నవాళ్లకి డాక్టర్లు రాసే మాత్రలు అవి. స్టిమ్యులెంట్లు అంటారు. మెదడుని బలవంతంగా మేల్కొల్పి ఉంచుతాయి. చీటీ లేకుండా అమ్మకూడదు. ఎక్కడి నుంచి వచ్చేవో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఎనిమిది నెలలు వాడారు. గుండె దడ ఎక్కువై మూడు వారాల క్రితం ఒక్కసారిగా మానేశారు.

"మానేసినప్పట్నుంచీ ఎంత పడుకున్నా చాలట్లేదండి. లేస్తే ఊరికే ఏడుపొస్తోంది. మొన్న బోర్డు ముందు నిలబడి ఓమ్స్ లా మర్చిపోయాను. పిల్లలు నేను పరీక్ష పెడుతున్నాననుకున్నారు."

దీన్ని కమ్‌డౌన్ అంటారు. మాత్ర ఎంత ఎత్తుకి లేపిందో, మానేశాక అంత లోతుకి మనిషి దిగిపోతాడు. టైరోసిన్ వేసుకుంటే ఖాళీ అయిన డోపమిన్ మళ్లీ నిండుతుందని ఆయన ఇంటర్నెట్‌లో చదివారు. నాకు ఆ సిద్ధాంతం తెలుసు. తెలిసిన సంగతి ఒక ఫిజిక్స్ మాస్టారికి వివరించే అవకాశం రావడంతో నాకు గొప్పగా కూడా అనిపించింది. పావుగంట చెప్పాను. చివర్లో, "ఇవి మందులు కావు మాస్టారూ, తిండి లాంటివే. భయపడక్కర్లేదు" అన్నాను.

డాక్టరుకి చూపించుకోమని ఒకసారి అన్న మాట నిజమే. "ఊళ్లో తెలిస్తే ఉద్యోగం పోతుందండి" అన్నారాయన. నేను సీసా కవర్లో పెట్టి ఇచ్చేశాను. అంత దిగులుగా ఉన్న మనిషిని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మా అమ్మాయికి పాఠం చెప్పే గురువుని అది అడగడానికి నాకు నోరు రాలేదు.

పది రోజుల తర్వాత వచ్చి కాస్త తేలికగా ఉందన్నారు. ఆ పై వారం మళ్లీ కుంగిపోయారు. ఈసారి 5-హెచ్‌టీపీ కావాలన్నారు. ఇదీ అమైనో ఆసిడే. ఒంట్లోకి వెళ్లి సెరటోనిన్‌గా మారుతుంది. మనసు నిలకడకీ, నిద్రకీ సంబంధించిన పదార్థం అది. దీనికీ చీటీ అక్కర్లేదు. తెప్పించి ఇచ్చాను.

ఆగస్టు చివర్లో, షాపు తీసిన కాసేపటికే ఒకావిడ తడిసిన గొడుగు మడుచుకుంటూ వచ్చారు. చేతిలో మా షాపు స్టిక్కరున్న 5-హెచ్‌టీపీ సీసా.

"నేను మురళి గారి భార్యనండి, పద్మజ. ఇది మీరిచ్చిందేనా?"

అవునన్నాను. ఆయన రెండు రోజులుగా రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో ఉన్నారట. ఇంటికి బట్టల కోసం వస్తే ఆయన బ్యాగులో ఈ సీసా కనిపించిందట.

"డెంగ్యూ అనుకున్నారండి, కాదట. ఒళ్లు కాలిపోతోంది. చెమటలు ఆగట్లేదు. కాళ్లు వాటంతటవే కొట్టుకుంటున్నాయి. నన్ను కూడా గుర్తుపట్టట్లేదు. ఏంటండి ఇది?"

"ఇంకేమైనా మాత్రలు వేసుకుంటున్నారా అమ్మా?"

ఆవిడ సంచి వెతికి ఒక స్ట్రిప్ తీశారు. "నిద్రకని రాజమండ్రిలోనే చూపించుకుని తెచ్చుకున్నానన్నారు. పదిహేను రోజులవుతోంది."

అవి నిద్రమాత్రలు కావు. దిగులు జబ్బుకి ఇచ్చేవి. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అనే రకం. మెదడులో సెరటోనిన్ ఎక్కువసేపు నిలిచి ఉండేలా చేస్తాయి. ఒక పక్క ఆ మాత్ర, ఇంకో పక్క నేనిచ్చిన 5-హెచ్‌టీపీ. సెరటోనిన్ మోతాదు మించిపోతే ఒళ్లు కాలుతుంది, కండరాలు అదురుతాయి, మతి చెదురుతుంది. సెరటోనిన్ సిండ్రోమ్ అంటారు. ప్రాణం కూడా పోవచ్చు. పరీక్షలో నేను రాసిన జవాబు అది.

పద్మజ గారి ఫోను తీసుకుని అక్కడి డ్యూటీ డాక్టరుతో మాట్లాడాను. ఏం ఇచ్చానో, ఎప్పుడు ఇచ్చానో, ఎందుకిచ్చానో చెప్పాను. ఎందుకో చెప్పాలంటే ఆ ఎనిమిది నెలల మాత్రల సంగతీ చెప్పాలి. చెప్పాను. పక్కనే నిలబడి ఉన్న పద్మజ గారికి ఆ విషయం తెలిసింది అలాగే. ఆవిడ సీసా కౌంటరు మీద పెట్టేశారు. స్టూలు చూపిస్తే కూర్చోలేదు.

షాపు మూసి ఆవిడతో పాటు రాజమండ్రి వెళ్లాను. ఆ మాత్రలు కూడా ఆపేసి, ఒళ్లు చల్లబరిచి, అదురు తగ్గడానికి ఇంజెక్షన్లు ఇచ్చారు. సాయంత్రానికి జ్వరం దిగడం మొదలైంది. మర్నాటికి ఆయనకి తెలివొచ్చింది. ఆయన్ని చూస్తున్న డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచారు.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని ఆ మాత్రలు రాసిన డాక్టరు అడిగారట. లేదన్నారట. ఇప్పుడు నేనడిగితే, అవి మందులు కావని షాపులో చెప్పారండి అంటున్నారు."

నేను తల దించుకున్నాను.

"టైరోసిన్ వల్ల పెద్ద నష్టం జరగకపోయి ఉండచ్చు" అన్నారావిడ. "కానీ వీటితో కమ్‌డౌన్ నయమవుతుందనడానికి గట్టి ఆధారం లేదండి. మెదడు కోలుకోవడానికి నెలలు పడుతుంది. నిద్ర, తిండి, డాక్టరు, కనిపెట్టుకుని ఉండే ఒక మనిషి. ఆయనకి ఆ నాలుగోదే లేకుండా పోయింది."

తొమ్మిది రోజుల తర్వాత ఇంటికి పంపారు. ఈలోగా కాలేజీ వాళ్లు ఇంకొకర్ని పెట్టుకున్నారు. శ్రావ్య వారం రోజులు పుస్తకం తియ్యలేదు. సంగతి ఎలా పొక్కిందో గానీ ఊళ్లో అందరికీ తెలిసింది. సామాను సర్దుకుని వాళ్లు అమలాపురం, పద్మజ గారి పుట్టింటి వైపు వెళ్లిపోయారు. వెళ్లే ముందు ఆవిడ షాపుకి వచ్చారు.

"మీరు దాచకుండా చెప్పబట్టే బతికారని డాక్టరు గారన్నారండి. కానీ ఇచ్చింది కూడా మీరే కదా."

నేను రెండిటికీ తలూపాను.

డిసెంబరులో అమలాపురం వెళ్లాను. రమ్మని ఎవరూ పిలవలేదు. మాస్టారు వరండాలో ఒక కుర్చీలో కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. డాక్టరు చెప్పిన మందు ఒకటే వాడుతున్నానన్నారు.

"నిద్ర పడుతోందండి. నలుగురు పిల్లలకి ట్యూషన్ చెప్తున్నాను. లెక్క తేలితే ఇదివరకు నాకే హుషారుగా ఉండేది. ఇప్పుడు తేలుతుంది, అంతే."

ఆ మాట అన్న తీరు చూసి, జూలైలో అడగలేకపోయింది అప్పుడు అడిగాను.

"చచ్చిపోవాలనిపిస్తోందా మాస్టారూ?"

ఆయన వీధి వైపు తిరిగారు. తర్వాత, "అప్పుడప్పుడు" అన్నారు. "పద్మజకి తెలీదు."

"చెప్దామా?"

ఆయన వద్దనలేదు. నేను లోపలికి వెళ్లి పద్మజ గారిని పిలిచాను. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నారు. ఆయనే చెప్పారు. నేల వైపు చూస్తూ, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. ఆవిడ ఏడవలేదు. "రేపు పొద్దున్నే డాక్టరు గారి దగ్గరికి వెళ్దాం" అని, కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకున్నారు. నేను వచ్చేశాను.

మాస్టారు ఇంకా అక్కడే ఉన్నారు, ఇంకా మందులు వాడుతున్నారు. పూర్తిగా కోలుకున్నారని చెప్పలేను. అప్పట్నుంచీ నా కౌంటరు దగ్గర ఏది అడిగినా, పొడైనా, విటమినైనా, ఎందుకోసం, ఇంకేం వాడుతున్నారు అని అడగనిదే ఇవ్వను. మనిషి మొహం బాగోలేకపోతే, మాస్టారుని వరండాలో అడిగిన ఆ మూడో ప్రశ్న కూడా అడుగుతాను. కొందరు కోప్పడి వేరే షాపుకి వెళ్తారు. ఇద్దరు మాత్రం అవునన్నారు. వాళ్లని స్టూలు మీద కూర్చోబెట్టి, ఇంటివాళ్లు వచ్చేదాకా పక్కనే ఉన్నాను.