గట్టిగా చదివే గ్రంథాలయం

మొన్న నరసరావుపేటలో మా ఇంటి దగ్గర కొత్తగా తెరిచిన రీడింగ్ రూముకు వెళ్ళి, పేపరు విప్పి, పాత అలవాటు కొద్దీ పైకే చదువుతున్నట్టున్నాను, పక్కన పరీక్షలకు చదువుకుంటున్న అమ్మాయి చెవిలోని ఇయర్‌ఫోన్లు తీసి, పెదవి మీద వేలు పెట్టి చూపించింది. తప్పు ఆ పిల్లది కాదు లెండి. కానీ ఇంటికొచ్చినా మనసు కుదుటపడలేదు, ఎందుకంటే నేనెరిగిన గ్రంథాలయంలో మనసులో చదువుకుంటే ఊరుకునేవాళ్ళు కాదు.

అది పిడుగురాళ్ళలో, మేం చాచా అని పిలిచే సైకిలు మెకానిక్ తన కొట్టు వెనక గది ఖాళీ చేసి పెట్టింది. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో సున్నం బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ళలో చానామందికి అక్షరం ముక్క వచ్చేది కాదు, కాబట్టి పదో తరగతి తప్పి ఖాళీగా ఉన్న నన్ను సాయంత్రాలు వాళ్ళకు పేపరు చదివి వినిపించమన్నాడు చాచా, ఆ తర్వాత పలకల మీద అక్షరాలు దిద్దించేదాన్ని. వాళ్ళలో మా పక్కింటి అత్త అందరిలా ఊ కొట్టి ఊరుకునే రకం కాదు. ఒకరోజు ఎక్కడో కూలీలు పనిచోట నీడా, తాగే నీళ్ళూ అడిగి సాధించుకున్న వార్త చదువుతుంటే, "ఆగవే, ఏందీ, ఆడోళ్ళేనా అడిగింది? మళ్ళీ చదువు," అని నా నోరు ఎండిపోయేదాకా చదివించుకుంది.

ఆ వార్తే మాకు నాటకమైంది. చాచా రేకు డబ్బా మీద దరువు వేస్తుంటే, అత్త మసితో మీసాలు దిద్దుకుని బట్టీ ఓనరు వేషం కట్టి, ఆయన నడకా ఆయన దగ్గూ దించేసింది, వీధి వీధంతా పడీపడీ నవ్వింది. మర్నాడు పొద్దున్నే అసలు ఓనరు అత్తను పనిలోకి రావద్దన్నాడు. భర్త లేని మనిషి, ఇద్దరు చిన్నపిల్లలు, ఆ పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. మిగతా ఆడవాళ్ళు మాత్రం తట్టలు దించేసి, నేరుగా మా గదికి వచ్చి బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. నేను చదువుతూనే ఉన్నాను. రాళ్ళు మోసేవాళ్ళు లేక బట్టీ ఆగిపోయేలా ఉందని ఓనరే కబురు పెట్టాడు, అత్త పనిలోకి వెళ్ళింది, వారం తిరక్కుండా అక్కడ తాటాకు పందిరీ, నీళ్ళ కుండా వెలిశాయి.

చాచా పోయాక ఆ గది సెల్‌ఫోన్ల కొట్టయింది, పుస్తకాలు ఎటు పోయాయో తెలియదు. అత్తా పోయింది. కంటి ఆపరేషన్ అయ్యాక నాకు చిన్న అక్షరాలు కూడా బాగానే కనిపిస్తున్నాయి, రోజూ ఇంట్లో ఒక్కదాన్నే పేపరు చదువుకుంటాను, నా ఒంటరితనం నాకు బాగా తెలిసొచ్చేది ఆ కాసేపే. పనిచోట నీళ్ళు లేని వాళ్ళ వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఆ రోజుల్లో అలాంటిది చదివితే గది మొత్తానికి ఒకేసారి కోపం వచ్చేది, ఇప్పుడు నా ఒక్కదానికే వస్తుంది, పేపరు మడిచి పెట్టేలోపే అదీ చల్లారిపోతుంది.